సమస్యాపూరణం: కాసు పుట్టె రెండు కడుపులందు

మాంబలం మాస్టారు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

కాసు పుట్టె రెండు కడుపులందు

ఇది ఎక్కడ తగిలిందో చెబుతాను. మొన్న కూరగాయల కొట్టులో అమ్మాయి తమిళంలో "కాసా, ఫోనా?" అని అడిగింది. నా వెనకున్నాయన "క్యాషే" అన్నాడు. పక్కనున్న మనవరాలు "తాతా, క్యాష్ అంటే మన కాసేనా?" అంది. అవునమ్మా అనేశాను. ఇంటికొచ్చి నిఘంటువు తీస్తే నేను చెప్పింది సగమే నిజం. ఆ రెండో సగం కోసమే ఈ సమస్య. పూరణ క్యాష్ అనే మాట చుట్టూ తిరిగితే సంతోషం. తిరగకపోయినా యతి మాత్రం, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరమైత్రి, తప్పకండి.

అడయారు వాసి:
నా ప్రయత్నం, మాస్టారూ.

పెట్టెనుండి యొకటి పెరిగెను రోమున
నరవనేల నొకటి యవతరించె
ఆంగ్లమందు రెండు నైక్యమై పోయెను
కాసు పుట్టె రెండు కడుపులందు

లాటిన్‌లో కాప్సా అంటే పెట్టె. అది ఇటాలియన్‌లో కస్సా అయి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషు చేరి క్యాష్ అయింది. 1590ల నాటికి ఇంగ్లీషులో ఉంది. ఇక రెండోది తమిళుల కాసు. పోర్చుగీసువాళ్ల నోట పడి ఇంగ్లీషువాళ్ల దగ్గరకొచ్చేసరికి అదీ క్యాష్ అయింది. చిన్న రాగి నాణెం పేరు.

పెరంబూరు పంతులమ్మ:
భావం బాగుంది. మూడో పాదం చివర చిక్కుంది. "పోయెను" ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. దాని తర్వాత కాసు వస్తే సరళాదేశం జరిగి, కకారం గకారమై, "గాసు" కావాలి. ఇచ్చిన పాదాన్ని ముట్టుకోకూడదు కదా. "నైక్యమై యున్నట్టి" అనండి. గణాలు సరిపోతాయి, కాసుకు విశేషణమూ అవుతుంది. ఆ "పోయెను" ఎలాగూ గణం నింపడానికి వచ్చిందే.

అడయారు వాసి:
దొరికిపోయాను. సవరించుకుంటాను, అమ్మా.

ఓఎంఆర్ కుర్రాడు:
పద్యం కాదు, సందేహం. పెట్టె పేరు డబ్బుకు ఎలా వస్తుంది సార్? బీరువాని డబ్బు అనం కదా?

మాంబలం మాస్టారు:
తిరుమల హుండీ గురించి పేపర్లో ఏమని రాస్తారు బాబూ? "హుండీ ఇంత వచ్చింది" అని. వచ్చింది హుండీనా, అందులో డబ్బా? హుండీ పెట్టె పేరే. లోపల ఉన్నదానికీ అదే పేరు అంటుకుంది. ఇంగ్లీషులోనూ అంతే. మొదట క్యాష్ అంటే డబ్బు పెట్టుకునే పెట్టె, దాంతోపాటే అందులో ఉన్న రొక్కం. 18వ శతాబ్దం వచ్చేసరికి పెట్టె అనే అర్థం రాలిపోయి రొక్కమే మిగిలింది. సూట్‌కేసులో కేసు, మనం మింగే క్యాప్సూల్ కూడా ఆ లాటిన్ పెట్టె సంతానమే. క్యాప్సూల్ అంటే చిన్నపెట్టె. క్యాషియర్ సరేసరి, పెట్టె కాపలాదారు. కానీ సైన్యంలో అధికారిని అవమానించి తీసేయడాన్ని కూడా ఇంగ్లీషులో క్యాషియర్ చేయడం అంటారు. స్పెల్లింగు ఒక్కటే, పుట్టుక వేరు. అది డచ్చివాళ్ల నుంచి వచ్చిన మాట, డబ్బుతో పని లేదు.

తిరువళ్లిక్కేణి రాఘవ:
పురాణం లేకుండా సమస్య ఏమిటండీ?

రాజు మగధభూమి రాణు లిద్దరిఁ బుట్టి
జరయుఁ గలుప నొక్క జన్మ మయ్యె
అట్లె పెట్టె నుండి, యరవనాణెము నుండి
కాసు పుట్టె రెండు కడుపులందు

పెరంబూరు పంతులమ్మ:
జరాసంధుణ్ణి పట్టుకొచ్చారు, భేష్. రెండు కడుపులు అనగానే నాకూ ఆయనే గుర్తొచ్చాడు. అయితే సగం సగంగా పుట్టాడన్న ముక్క పద్యంలో లేదు, కథ తెలిసినవాళ్లే అందుకోవాలి. ఇంకో అభ్యంతరం. జర అనే రాక్షసి కలపకపోతే ఆ ముక్కలకు ప్రాణం లేదు. ఈ క్యాష్‌లు రెండూ దేనికది బతికినవే కదా? పోలిక కుదరలేదేమో.

తిరువళ్లిక్కేణి రాఘవ:
బలరాముడైతే? దేవకి గర్భం నుంచి రోహిణి గర్భానికి వెళ్లాడు.

పెరంబూరు పంతులమ్మ:
ఆయన ఒక్కడే ఇద్దరమ్మలను చూశాడు. మాట సంగతి తిరగబడింది. ఇద్దరు పిల్లలు ఒక పేరు పెట్టుకున్నారు.

ఓఎంఆర్ కుర్రాడు:
నవ్వకండి. మొదటి పద్యం.

జీడిపప్పు పేరు క్యాషూ యటంచును
క్యాషు చుట్ట మనుట కల్ల కాదె
దాని యమ్మ వేరు తలఁచి చూచిన నిట్లు
కాసు పుట్టె రెండు కడుపులందు

అడయారు వాసి:
"దాని యమ్మ" అని పాదం ఎత్తుకున్నావు! మాస్టారూ, ఇది అనుమతిస్తారా?

మాంబలం మాస్టారు:
వ్యాకరణం అనుమతిస్తుంది, మా ఆవిడ అనుమతించదు. బాబూ, మొదటి పద్యానికి గణాలు ఒక్కటీ తప్పలేదు, అది చిన్న విషయం కాదు. మొదటి పాదంలో యతి పోయింది. "జీ"కి "క్యా" కుదరదు. "జీడిపప్పు లోనఁ జేరిన క్యాషును" అని మార్చు. జీ, జే కలుస్తాయి, చమత్కారం కూడా పెరుగుతుంది. విషయం మాత్రం సరిగ్గా పట్టావు. జీడిచెట్టు బ్రెజిల్‌ది. అక్కడి టూపీ భాషలో పేరు పోర్చుగీసులో కాజు అయింది, ఇంగ్లీషులో క్యాషూ అయింది. ధర ఎంతున్నా దానికీ క్యాష్‌కీ బంధుత్వం లేదు.

మైలాపూరు సీత:
మాటల గొడవ వదిలేసి నాణెం దగ్గరకే వెళ్లాను.

గనిని బుట్టె మొదటఁ గఠినమౌ లోహమై
టంకశాల వెడలె డబ్బు గాను
తల్లు లిద్దరాయె ధనలక్ష్మి కందుకే
కాసు పుట్టె రెండు కడుపులందు

పెరంబూరు పంతులమ్మ:
హాయిగా సాగింది సీతా. గ-క (గఠినం అసలు కఠినమే కదా), ట-డ, త-ధ, అన్నీ ఒకే వర్గంలోని అక్షరాలు కలిసే వర్గయతులే వేశావు. కావాలనే చేశావా?

మైలాపూరు సీత:
మొదటిది అలా కుదిరింది, మిగతావి పట్టుదలకు.

అడయారు వాసి:
సీతగారి టంకశాల చూశాక ఇంకొకటి వేయకుండా ఉండలేకపోయాను. చెన్నపట్నం కోసం ఇంగ్లండులో కొట్టిన కాసుల కథ ఇది. 1808 ముద్రతో బర్మింగ్‌హామ్‌లోని సోహో టంకశాలలో తయారైన రాగి కాసులను ఈస్టిండియా కంపెనీవాళ్లు ఓడలో మద్రాసుకు పంపారు. ఓడ పేరు అడ్మిరల్ గార్డ్‌నర్. 1809 జనవరిలో తుపానుకు కెంట్ తీరం దగ్గరి గుడ్విన్ ఇసుకమేటల మీద చిక్కి మునిగిపోయింది. 1980లలో గజఈతగాళ్లు ఆ కాసులను పైకి తెచ్చారు.

ఆంగ్లసీమ లోన నచ్చుబిళ్ళగఁ బుట్టి
కడలిలోన మునిఁగి గాఢనిద్ర
తీరి లేచి మరలఁ దీరమ్ము చేరిన
కాసు పుట్టె రెండు కడుపులందు

పెరంబూరు పంతులమ్మ:
ఈసారి సరళాదేశానికి నాకు పని లేకుండా చేశారు. "చేరిన కాసు", సరిగ్గా అతికింది. ఈ వారం నా ఓటు దీనికే. కడలి కడుపు అన్న మాట వాడకుండానే కడుపు కనిపించింది.

మాంబలం మాస్టారు:
నా ఓటూ అదే. ఇక ఆ స్పెల్లింగు సంగతి, దాని కోసమే కదా మొదలుపెట్టాను. పోర్చుగీసులో పెట్టెను కైషా అంటారు. తమిళుల కాసు వాళ్ల చెవిన పడితే తమకు తెలిసిన కైషాలాగే పలికారు, అలాగే రాశారు. సకారం షకారమైంది అక్కడే. దాన్ని ఇంగ్లీషువాళ్లు అందుకుని, తమ దగ్గర అప్పటికే ఉన్న క్యాష్ స్పెల్లింగులో పోశారు. తర్వాత చీనావాళ్ల చతురస్రపు చిల్లు నాణేన్ని కూడా క్యాష్ అనే పిలిచారు. మంచి నిఘంటువుల్లో ఇవి ఒక మాటకు రెండు అర్థాలుగా ఉండవు. విడివిడిగా రెండు ఆరోపాలు, అంటే రెండు వేరు పదాలుగా, ఉంటాయి. నా పూరణ:

పేరు మాత్ర మొకటె వేరువే రిద్దఱు
కవలలైనఁ గారు, కలిపె లిపియె
అక్షరాలు నమ్మి యనెదరు జను లిట్లు
"కాసు పుట్టె రెండు కడుపులందు"

తిరువళ్లిక్కేణి రాఘవ:
సమస్యను జనం నెత్తిన రుద్ది తప్పుకున్నారు మాస్టారూ! పాత ఎత్తే. కానీ ఇక్కడ నిజంగానే జనం పొరబడ్డారు కాబట్టి వదిలేస్తున్నాం. ఒకటి అడుగుతాను, కాసు మాత్రం అచ్చతెలుగే కదా? నగదు అనకుండా కాసు అందామంటే?

మాంబలం మాస్టారు:
నగదు అరబీ నక్ద్ నుంచి వచ్చిందే, ఒప్పుకుంటాను. కాసునేమో కొందరు సంస్కృత కర్షం దగ్గరకు తీసుకెళతారు. అది బంగారం, వెండి తూచే తూకం పేరు. కాసులపేరు మెడలో వేసుకున్నవాళ్లెవరూ ఈ విషయం అడగలేదు, మీకెందుకు రాఘవగారూ?

సౌకారుపేట చిల్లర:
నేను ఎప్పుడూ చదివి ఊరుకునేవాణ్ణి. ఓడ మాట చదివి లేచాను. మా తాతగారి గల్లాపెట్టెలో ఒక రాగి బిళ్ల ఉంది. ఒకవైపు సింహాల బొమ్మలు, 1808. రెండోవైపు పారసీ రాత, కింద రోమన్ పది, పక్కన ఇంగ్లీషులో క్యాష్. మరి ఇది మీ రెండింటిలో ఏ క్యాష్?

మాంబలం మాస్టారు:
మన కాసే నాయనా. ఇంకో క్యాష్ అది పడుకున్న గల్లాపెట్టె. ఇంత చెప్పి పద్యం ఇవ్వకుండా వెళ్తారా?

సౌకారుపేట చిల్లర:
నాకు పద్యం రాదు మాస్టారూ, లెక్కే వచ్చు. ఎనభై కాసులు ఒక పణం, నలభై రెండు పణాలు ఒక వరహా. అంటే వరహాకు 3360 కాసులు. నా దగ్గరున్నది పణంలో ఎనిమిదో వంతు.