ఇంప్లాంట్ వేసిన పాపకు సైగలు కూడా నేర్పాలా, వద్దా?

మైత్రివాళ్ళమ్మ (చర్చ మొదలుపెట్టినవారు)
అందరికీ నమస్తే. మా పాపకు మూడో ఏడు నడుస్తోంది. పుట్టినప్పుడు ఆసుపత్రిలో వినికిడి పరీక్ష చెయ్యలేదు. వెనకాల స్టీలు పళ్ళెం పడినా తిరిగి చూడట్లేదని మా అత్తగారు కనిపెట్టారు. బేరా (శబ్దానికి చెవి నాడి, మెదడు స్పందిస్తున్నాయో లేదో చూసే పరీక్ష) చేయిస్తే రెండు చెవుల్లోనూ 90 డెసిబెల్స్ దాకా, అంటే బాగా పెద్ద శబ్దానికి కూడా, స్పందన లేదన్నారు. పోయినేడు కుడి చెవికి కాక్లియర్ ఇంప్లాంట్ వేశారు. అంటే శబ్దాన్ని కరెంటుగా మార్చి చెవి నాడికి అందించే పరికరం, లోపలి భాగం ఆపరేషన్‌తో పెడతారు, బయట చెవి మీద మిషన్ పెట్టుకోవాలి. ఇప్పుడు పిలిస్తే తిరుగుతోంది. అమ్మ, తాత, దా అంటోంది.

థెరపీ మేడమ్ చేతులతో ఏమీ చూపించొద్దంటారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, చెవికి మాత్రమే అందేలా చెప్పమంటారు. పగలు సరే. స్నానానికీ, పడుకునేటప్పుడూ మిషన్ తీసేస్తాం కదా, అప్పుడు దానికి ఏదీ చెప్పలేను, అది చెప్పేది నాకు తెలియదు. మొన్న రాత్రి చెయ్యి లాగి లాగి ఏడ్చింది, దేనికో ఇప్పటికీ తెలియదు. మా ఆయన ఆఫీసులో ఒక బధిర ఉద్యోగి సైగల భాష కూడా నేర్పండి, రెండూ వస్తాయి అన్నారట. ఇంట్లో పెద్దవాళ్ళేమో సైగలు నేర్పేదానికి ఆపరేషన్ ఎందుకు చేయించినట్టు అంటున్నారు. ఇలాంటి పిల్లల్ని పెంచినవాళ్ళు చెప్పండి.

నరసరావుపేట శ్రీను
వద్దమ్మా. ఎందుకో చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

మావాడికి రెండేళ్ళ వయసులో ఆరోగ్యశ్రీలో వేయించాం. ఇప్పుడు ఏడో తరగతి, అందరూ చదివే మామూలు బడి. ఊరికే రాలేదు ఇది. మామూలు చెవిలో శబ్దాన్ని నాడికి అందించే కణాలు మూడు వేల పైచిలుకు ఉంటాయి. ఇంప్లాంట్‌లో కంపెనీని బట్టి 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లు, అంతే. అంత కొంచెంలోంచి మాటను ఏరుకోవడం మెదడు నేర్చుకోవాలి. ఆ శక్తి మూడున్నరేళ్ళ లోపు బాగా ఉంటుంది, ఏడేళ్ళు దాటితే పడిపోతుంది. మీ పాపకు ఉన్న టైమే కొంచెం. అందులో సగం చేతులకు ఇస్తానంటే ఎలా?

మా ఆవిడ టీచర్ ఉద్యోగం మానేసింది. పొద్దున మిషన్ పెట్టగానే వాడి వెనక నిలబడి ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అని ఆరు శబ్దాలు ఒక్కోటీ పలికేది. వినిపిస్తే వాడు కర్రకు ఒక ప్లాస్టిక్ రింగు తొడగాలి. 'స్'కు రింగు వెయ్యలేదంటే మైకులో చెమ్మో, బ్యాటరీ నీరసమో అని అర్థం. బడికి పంపకముందే తెలిసిపోయేది. ఇలా ఏళ్ళు.

సైగ సులువు. సులువైంది దొరికాక ఏ పిల్లా కష్టమైనదాని జోలికి పోదు.

చీరాల కుర్రాడు
ఒక్క చెవికేనా వేసింది? రెండోది?

మైత్రివాళ్ళమ్మ
ఇంప్లాంట్ మాకు ఒకదానికే వచ్చిందండీ.

పల్నాటి పులి
మేనరికాలు చేసుకుంటే ఇంతే.

ఉష_ఆడియాలజీ
పులిగారూ, ఆవిడ మేనరికమని ఎక్కడా చెప్పలేదు. మేనరికంలో ముప్పు పెరుగుతుంది, నిజమే. కానీ మన దేశంలో పుట్టుకతో వచ్చే వినికిడి లోపానికి కనెక్సిన్ 26 అనే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువులో మార్పు ఒక పెద్ద కారణం, అది ఏ చుట్టరికమూ లేని ఇద్దరిలోనూ ఉండొచ్చు. వాళ్ళిద్దరికీ బాగానే వినిపిస్తుంది కూడా. రెండో బిడ్డను అనుకునేవాళ్ళు జన్యు పరీక్ష గురించి డాక్టర్ని అడగండి.

మైత్రివాళ్ళమ్మగారూ, నోటికి చెయ్యి అడ్డం పెట్టడం థెరపీలో ఒక పద్ధతి. పెదాలు చూడకుండా చెవి మీదే ధ్యాస పెట్టించడానికి, ఆ పాఠం సేపు. రోజంతా చెయ్యమని కాదు.

నరసరావుపేట శ్రీను
మేం రోజంతా చేశాం మేడమ్. అందుకే వచ్చింది.

అరచేతి మాట
నేను పుట్టు బధిరుణ్ణి. బ్యాంకులో పని. నా చిన్నప్పుడు మాకు ఇంప్లాంట్ అంటే ఏమిటో తెలియదు, జేబులో డబ్బా, చెవిలోకి వైరు ఉండే వినికిడి మిషన్ ఒకటి కట్టారు. దాంట్లో వినిపించింది లారీ హారన్ ఒక్కటే. బధిరుల బడిలో వేస్తే అక్కడా క్లాసులో సైగలు చేస్తే వేళ్ళ మీద స్కేలు దెబ్బ. 'ప' అనమని గొంతు మీద చెయ్యి పెట్టించేవారు. నాకు భాష వచ్చింది హాస్టల్లో, రాత్రిపూట, సీనియర్ల దగ్గర. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. తొమ్మిదేళ్ళ దాకా నాకు ఏ భాషా లేదు. శ్రీనుగారికి అదేమిటో ఊహకు కూడా అందదు.

1880లో ఇటలీలోని మిలన్‌లో బధిరుల టీచర్ల మహాసభ పెట్టి సైగలు వద్దు, నోటి మాటే ముద్దు అని తీర్మానించారు. ఓటు వేసినవాళ్ళలో దాదాపు అందరూ వినికిడి ఉన్నవాళ్ళే. 2010లో వాంకూవర్‌లో అదే మహాసభ ఆ తీర్మానాన్ని తోసిపుచ్చి విచారం తెలిపింది. మధ్యలో 130 ఏళ్ళు పోయాయి. మీ ఇళ్ళలో ఇంకా మిలనే నడుస్తోంది.

సైగలు నేర్పితే మాట రాదనడం అబద్ధం. పాపకు ఏదో ఒక భాష టైముకు అందాలి. చెవి ద్వారా ఎప్పుడు అందుతుందో, ఎంత అందుతుందో ఎవరూ హామీ ఇవ్వరు. కంటి ద్వారా ఇవాళే అందుతుంది.

నరసరావుపేట శ్రీను
మిలన్ ఎక్కడ, నరసరావుపేట ఎక్కడ? 1880లో చెవిలో ఎలక్ట్రోడ్లు ఉన్నాయా? అప్పుడు వినపడని పిల్లల్ని మాట్లాడమన్నారు, అది అన్యాయమే. ఇప్పుడు వినిపిస్తోంది. రెంటికీ పోలికేమిటి? మీకు స్కేలు దెబ్బలు పడ్డాయని మా పిల్లలు మాట మానుకోవాలా?

పరిశోధన కావాలా? 2017లో పీడియాట్రిక్స్ అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. ఇంప్లాంట్ పిల్లల్లో ఇంట్లో సైగలు వాడనివాళ్ళకే మాట స్పష్టంగా ఉంది, చదవడం కూడా బాగా వచ్చింది.

అరచేతి మాట
చదివాను. దానిమీద వచ్చిన విమర్శలు మీరు చదివారా? మాట తొందరగా వచ్చిన పిల్లల ఇళ్ళలో సైగలు మానేస్తారు. మాట రాని పిల్లల ఇళ్ళలో వేరే గతిలేక కొనసాగిస్తారు. చివర్లో లెక్కేస్తే సైగల ఇళ్ళు వెనకబడినట్టే కనిపిస్తాయి. ఏది కారణం, ఏది ఫలితం? పైగా ఆ ఇళ్ళలో ఎక్కువమంది వాడింది అసలైన సైగల భాష కాదు, మాట పక్కన తగిలించిన నాలుగు సైగలు.

నరసరావుపేట శ్రీను
అంటే మీకు నచ్చని పరిశోధన తప్పు.

ఉష_ఆడియాలజీ
ఇద్దరూ కాస్త ఆగండి. ఆ పరిశోధన మీద వాదన నిజంగానే తేలలేదు. నేను చెప్పగలిగింది: మిషన్ రోజంతా, అంటే మెలకువగా ఉన్నంతసేపూ పెట్టాలి. మ్యాపింగ్, అంటే మిషన్ శబ్దాన్ని పాపకు సరిపోయేలా సర్దించే తేదీలు తప్పకూడదు. ఈ రెండూ సరిగ్గా ఉంటే ఇంట్లో పది సైగలు వాడినందువల్ల మాట ఆగిపోయిన పిల్లను నేను చూడలేదు. ఈ రెండూ లేకపోతే సైగలు మానినా మాట రాదు.

చీరాల కుర్రాడు
మేడమ్, ఇంప్లాంట్ వేశాక సదరం సర్టిఫికెట్ తీసేస్తారా?

ఉష_ఆడియాలజీ
అది వేరే చర్చ పెట్టండి.

ఆలస్యంగా విన్నవాడు
నాది వేరే కథ. నలభై దాటాక రెండు చెవులూ పోయాయి. ఇంప్లాంట్‌కు ఏ పథకమూ వర్తించక స్థలం అమ్మాను. స్విచ్ ఆన్ చేసిన రోజు మా ఆవిడ గొంతు రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు ఉంది. కొన్ని నెలలకు అదే గొంతు మామూలైపోయింది, ఎందుకంటే మాట ఎలా ఉంటుందో నా మెదడుకు ముందే తెలుసు. పిల్లలకు ఆ వీలు లేదు, కాబట్టి నా అనుభవం పాపకు పనికిరాదు.

కానీ మీరిద్దరూ డబ్బు సంగతి ఎత్తడం లేదు. కేంద్రం వికలాంగులకు పరికరాలిచ్చే అడిప్ పథకంలో ఒక్కో ఇంప్లాంట్‌కు 7 లక్షల దాకా ఇస్తుంది. రాష్ట్రం తన ఆరోగ్య పథకంలో చేయిస్తుంది. బాగుంది. లోపలి భాగం ఏళ్ళ తరబడి ఉంటుంది, చెవి మీద పెట్టే ప్రాసెసర్ ఉండదు. కొన్నేళ్ళకు కంపెనీవాడు మీ మోడల్‌కు ఇక స్పేర్లు రావు, కొత్తది కొనండి అంటాడు. లక్షల్లో. కేరళలో శ్రుతితరంగం పథకం కింద పాతవి మార్చడానికీ, మరమ్మతులకూ సాయం పెట్టుకున్నారు. మన దగ్గర ఆపరేషన్ రోజు ఫొటో దిగడంతో అయిపోతుంది. వానాకాలం రాత్రిపూట డ్రై బాక్సులో పెట్టడం మాత్రం మర్చిపోకండి, చాలా రిపేర్లు చెమ్మవల్లే.

అరచేతి మాట
డబ్బు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. శ్రీనుగారూ, పోయిన వేసవిలో ఇక్కడే మీరు రాశారు, బాబు ప్రాసెసర్ పోయింది, వారంటీ అయిపోయింది, ఎవరైనా పాతది ఇప్పించండి అని. అది వచ్చేదాకా అబ్బాయితో ఎలా మాట్లాడారు?

నరసరావుపేట శ్రీను
నోట్‌బుక్కులో రాసుకున్నాం. ఏం?

అరచేతి మాట
వాడికి చదవడం వచ్చు కాబట్టి సరిపోయింది. ఈ పాపకు మూడేళ్ళు కూడా లేవు. రేపు దీని మిషన్ పోతే?

నరసరావుపేట శ్రీను
ఇంకొకరి ఇంట్లో కష్టం తవ్వి తీసి వాదనకు వాడుకోవడం ఏం సంస్కారం? ఆ వేసవి మా ఇంట్లో ఎలా గడిచిందో మీకు తెలుసా? వాడు గదిలోంచి బయటికి రాలేదు. మా ఆవిడ నగ తాకట్టు పెట్టి ప్రాసెసర్ తెచ్చాం. పెళ్ళికెళితే "మీవాడు మాట్లాడతాడా" అని మొహం మీద అడుగుతారు. అవునని చెప్పుకోవడానికి ఎంత పోయింది మాకు! ఇప్పుడు మీరొచ్చి సైగలు నేర్పితే హాయిగా ఉండేది అంటారు. మేం చేసిందంతా వృథా అనే కదా మీరనేది?

అరచేతి మాట
నేను అలా అనలేదు. మీరు విన్నది వేరు.

సరే, నేనూ చెబుతాను. మా ఇంట్లో ఆరుగురు. ఒక్కరు కూడా ఒక్క సైగ నేర్చుకోలేదు. మా అమ్మకూ నాకూ మధ్య ఉన్నవి తిన్నావా, పడుకో, డబ్బులున్నాయా, ఇంతే. పండక్కి అందరూ కూర్చుని నవ్వుతుంటే ఎందుకు నవ్వుతున్నారని అడిగితే "తర్వాత చెబుతాలే" అన్నట్టు చెయ్యి ఊపేవాళ్ళు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. మా నాన్న ఏ జబ్బుతో పోయారో నాకు చెప్పింది హాస్టల్ సీనియర్, కాగితం చూసి. ఇంట్లోవాళ్ళు చెప్పలేక కాదు, చెప్పడం నేర్చుకోలేదు. మాట నేర్చుకోవాల్సింది నేను, పెదాలు చదవాల్సింది నేను, మిషన్ మొయ్యాల్సింది నేను. వాళ్ళు నాకోసం ఒక్క అడుగు వెయ్యలేదు. మీ ఆవిడ ఉద్యోగం మానేశారు, అది పెద్ద త్యాగమే, కాదనను. కానీ అది కూడా పిల్లాణ్ణి మనవైపు లాక్కోవడానికే. వాడివైపు వెళ్ళడానికి ఎవరు నేర్చుకున్నారు?

నరసరావుపేట శ్రీను
వెళ్ళాలంటే నేర్పేవాడు ఉండాలి కదా. ఈ ఊళ్ళో సైగలు నేర్పే మనిషిని ఒక్కణ్ణి చూపించండి. చెప్పడం తేలిక.

ఇంకోటి కూడా రాసేస్తాను, దాచేదేముంది. సైగలు వస్తే వాడు మీ వాళ్ళలో కలిసిపోతాడు. సాయంత్రాలు వాళ్ళతోనే, పెళ్ళి వాళ్ళలోనే. మాకు ఉన్నది వీడొక్కడే. మిషన్ పెట్టుకున్నప్పుడు వాడు మాతో ఉంటాడు.

అరచేతి మాట
కలిస్తే ఏం పోయింది? మేం పరాయివాళ్ళమా?

మోడరేటర్
వ్యక్తిగత విషయాలు తవ్వొద్దు. ఇంకొకసారి జరిగితే చర్చకు తాళం వేస్తాను.

వెనక బెంచి
నాకు ఇంప్లాంట్ ఉంది, బీటెక్ రెండో ఏడు. శ్రీను అంకుల్, మా అమ్మ కూడా అచ్చం మీ ఇంట్లోలాగే ఆరు శబ్దాలు చేయించేది. నాకు మాట వచ్చింది, ఫోన్ కూడా మాట్లాడతాను. కానీ ఫ్యాను తిరిగే క్లాసులో, క్యాంటీన్‌లో నాకు సగం అందదు. అర్థమైనట్టు నవ్వుతుంటాను. ఇంటికొచ్చేసరికి తలనొప్పి, మిషన్ తీసి పడేస్తాను. ఢిల్లీలోని సైగల భాష కేంద్రంవాళ్ళ నిఘంటువు వీడియోలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, పదివేల పదాలు. అవి చూసి ఇంటర్‌లో నేర్చుకున్నాను. అమ్మకు కోపం వచ్చింది. ఇప్పుడు బధిర స్నేహితులూ ఉన్నారు, మామూలు వాళ్ళూ ఉన్నారు. ఇంట్లోనే ఉన్నాను అంకుల్, ఎక్కడికీ పోలేదు.

అరచేతి మాట అంకుల్, మీకూ ఒక మాట. కాలేజీలోని మీ బధిరుల గ్రూపుల్లో నన్ను "సగం వినేది" అని దూరం పెట్టినవాళ్ళు ఉన్నారు. అదీ రాయండి.

మీరిద్దరూ ఆ పాప సంగతి ఎప్పుడో వదిలేశారు.

అరచేతి మాట
ఉన్నారు. కాదనను.

మైత్రివాళ్ళమ్మ
అందరికీ థాంక్స్. థెరపీ మేడమ్‌తో మాట్లాడాను. పాఠం జరిగేటప్పుడు చేతులు వద్దు, మిషన్ తీసేశాక మీ ఇష్టం అన్నారు. నీళ్ళు, అయిపోయింది, నొప్పి, నాన్న వస్తాడు, ఈ నాలుగూ వీడియోలో చూసి మా ఆయనా నేనూ నేర్చుకుంటున్నాం. అత్తగారికి ఇంకా చెప్పలేదు. గుంటూరు చుట్టుపక్కల ఎవరైనా నేర్పేవాళ్ళుంటే చెప్పండి.

అరచేతి మాట
సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి లోపం ఉన్నవాళ్ళకోసం పనిచేసే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడ వాకబు చెయ్యండి. గుంటూరులో నాకు తెలిసినవాళ్ళున్నారు, వాళ్ళను అడిగి మీకు మెసేజ్ పెడతాను. ఆదివారాలు కుదురుతుందేమో చూద్దాం.

నరసరావుపేట శ్రీను
నేనేమీ ఒప్పుకోలేదు, అది గుర్తుంచుకోండి. ముందు ఆ ఎడమ చెవికి మామూలు వినికిడి మిషన్ పెట్టి చూడొచ్చేమో ఉషగారిని అడగండమ్మా. మిషన్ నుంచి తలకు అంటుకునే కాయిల్‌కు వెళ్ళే వైరు స్పేరు ఒకటి ఎప్పుడూ ఇంట్లో ఉంచుకోండి. మా దగ్గర పాత మోడల్‌ది ఒకటి ఉంది, మీ కంపెనీ ఏదో చెబితే సరిపోతుందో లేదో చూస్తాను.

చీరాల కుర్రాడు
సదరం గురించి వేరే చర్చ పెట్టాను, ఎవరూ జవాబివ్వట్లేదు.