ప్రొప్రనలాల్ వాడే వాళ్లు పన్ను పీకించుకున్నారా? మత్తు ఇంజెక్షన్‌తో ఇబ్బంది వచ్చిందా?

రేపల్లె కోడలు: మా అత్తయ్యకి 61 ఏళ్లు. మైగ్రేన్‌కి మూడేళ్లుగా ప్రొప్రనలాల్ 40 రెండు పూటలా వేసుకుంటుంది. గురువారం దవడ పన్ను తీయించాలి. క్లినిక్‌లో బీపీ, షుగర్ ఉన్నాయా అని అడిగారు, లేవన్నాం. తలనొప్పి మాత్రే కదా అని దాని సంగతి చెప్పనేలేదు. ఇంటికొచ్చాక ఒకటే టెన్షన్.

వణుకు చేతులు: తప్పకుండా చెప్పండి. చేతుల వణుకుకి నేనూ అదే మాత్ర వాడతాను. రెండేళ్ల క్రితం ఇంజెక్షన్ ఇచ్చిన కాసేపటికే తల వెనక పోట్లు, చెవుల్లో హోరు. చూస్తే బీపీ 190/100, నాడి 52. డాక్టర్ పని ఆపేసి, కుర్చీ పైకి లేపి పక్కనే కూర్చున్నారు. తగ్గడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఏం మందులు వాడుతున్నారని అప్పుడు అడిగారు!

పళ్ల డాక్టర్, వరంగల్: మేం వాడే మత్తు మందు లిగ్నోకెయిన్‌లో సాధారణంగా అడ్రినలిన్ కలిసి ఉంటుంది. అది చిగురులో రక్తనాళాలను ముడుస్తుంది కాబట్టి మత్తు ఎక్కువసేపు నిలుస్తుంది, రక్తమూ తక్కువ కారుతుంది. అయితే అడ్రినలిన్ ఒంట్లో కొన్ని నాళాలను ముడిస్తే కొన్నిటిని వదులు చేస్తుంది. ప్రొప్రనలాల్ ఆ వదులు చేసే దారిని మూసేస్తుంది. ఇక మిగిలేది ముడుచుకోవడమే. అందుకే బీపీ ఎగబాకి, గుండె నెమ్మదిస్తుంది. ఇదే రకం మాత్రలైన అటెనలాల్, మెటప్రొలాల్ ప్రధానంగా గుండె మీదే పనిచేస్తాయి కాబట్టి వాటితో ఈ భయం బాగా తక్కువ.

1:80,000 (అంటే 80,000 పాళ్లలో ఒక పాలు అడ్రినలిన్) మందులో మిల్లీలీటరుకి 12.5 మైక్రోగ్రాముల అడ్రినలిన్ ఉంటుంది. ఇలాంటి వాళ్లకి మొత్తం 40 మైక్రోగ్రాములు దాటనివ్వం. ముందు కొద్దిగా ఇచ్చి, బీపీ చూసుకుని, తర్వాతే మిగతాది. లేదంటే అడ్రినలిన్ లేని మందు వాడతాం. ఒక్క మాట, ఇంజెక్షన్ ఉందని ప్రొప్రనలాల్ మీ అంతట మీరు ఆపొద్దు. ఉన్నట్టుండి మానేస్తే గుండెకే ప్రమాదం.

నిద్రలేని రాత్రి: నాకు మైగ్రేన్‌కి అమిట్రిప్టిలిన్ ఇచ్చారు. అదీ చెప్పాలా సార్?

పళ్ల డాక్టర్, వరంగల్: చెప్పాలమ్మా. దానితోనూ అడ్రినలిన్ ప్రభావం పెరుగుతుంది, దడ రావచ్చు. డోసు తగ్గించి ఇస్తాం.

రేపల్లె కోడలు: పన్ను తీయించేశాం అండీ. ఈసారి మాత్రల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకెళ్లాను. డాక్టర్ గారు ఒక్కోటీ తిప్పి పేరు చదివి, ట్రేలో పెట్టిన సిరంజి పక్కనపెట్టి అడ్రినలిన్ లేని మందు తెప్పించారు. మధ్యలో నొప్పి తెలుస్తోందని అత్తయ్య చెయ్యెత్తితే ఇంకొంచెం ఇచ్చారు. బీపీ ముందు 132/84, తర్వాత 138/86. రక్తం కాస్త ఎక్కువసేపు కారొచ్చు, దూది గట్టిగా కరిచి పట్టుకోమన్నారు. ఆటోలో దారంతా మాట్లాడకుండా నా చెయ్యి పట్టుకునే కూర్చుంది.