వంటల పుస్తకంలో పాత్రకి ఒక్క పేరే ఉండాలా?

బందరు_లడ్డు: మా ఇంటి వంటలన్నీ ఒక పుస్తకంగా రాస్తున్నాం. నాది బందరు, వదినది వరంగల్, తోడికోడలిది చిత్తూరు. ఒకే పాత్రకి మూడు పేర్లు వస్తున్నాయి. ఒక పేరు ఖాయం చేసి చివరిదాకా అదే వాడాలని నా అభిప్రాయం. అమెరికాలో పెరిగిన మా పిల్లలకి తపేలా, గంజు, బోగాణి అంటూ మార్చి మార్చి రాస్తే ఏం అర్థమవుతుంది?

ఓరుగల్లు_పొయ్యి: ఒక్క పేరంటే ఎవలి పేరక్కా? మా దిక్కు అన్నం వండేది గంజు, తినేది తలె, రొట్టె కాల్చేది పెంక. మా అవ్వ చెప్పిన వంటల "కంచం" అని రాస్తే అది మా అవ్వ చెప్పినట్టే ఉండది.

చిత్తూరు_చెలి: ఒక పేరే ఖాయం చేస్తే మాకూ కష్టమే. మేం తట్టలో అన్నం తింటాం. కోస్తా వాళ్లకి తట్టంటే మట్టి మోసేది! పక్కన ఒక్క ముక్క వివరం లేకపోతే ఎట్లా?

రాచ్చిప్ప: పేరు కంటే ముందు పాత్ర దేనితో చేశారో చెప్పాలండి. అన్నిటికీ "గిన్నె" అని రాస్తే వంటే చెడుతుంది. పులుసు రాచ్చిప్పలో కాచేది ఊరికే కాదు. రాతిని పులుపు ఏమీ చెయ్యదు, పొయ్యి మీంచి దించాక కూడా పులుసు కుతకుతమంటూనే ఉంటుంది. ఇత్తడి గిన్నె అయితే లోపల తగరం పూత ఉండాలి, లేదంటే చింతపండు తగిలి చిలుమెక్కుతుంది, అది తింటే వాంతులే. ఆ పూతనీ కళాయి అంటాం, వేపుడు మూకుణ్ణీ కళాయి అంటాం. "కళాయి గిన్నెలో కాచండి" అని రాస్తే పిల్లలు ఏది తీస్తారు?

బందరు_లడ్డు: అందుకే కదా ఒక్క పేరు అంటున్నాను!

రాచ్చిప్ప: కాదమ్మా. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ, భాషా శాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల మాండలిక వృత్తి పదకోశం తెచ్చింది. ఒక మాట ఉంచి తక్కినవి కొట్టేయలేదు, ఏ మాట ఏ ప్రాంతంలో వాడతారో చూపించారు. మీరూ అలాగే చెయ్యండి. వంటలో చెప్పినవాళ్ల మాటే ఉంచండి. వెనక పేజీల్లో ఆ పాత్ర ఏ లోహం, మూతి వెడల్పా ఇరుకా, సోలెడు బియ్యం పడతాయా మానెడు పడతాయా రాయండి. బొమ్మ కూడా వేస్తే మరీ మంచిది.

బందరు_లడ్డు: వెనక పేజీలు తిప్పేలోపు తాలింపు మాడిపోతుందండీ. కనీసం వంట మొదట్లోనే ఆ వివరం ఒక వరుసలో ఉండాలి. అంతకంటే తగ్గను.

ఓరుగల్లు_పొయ్యి: గట్లనే పెట్టుండ్రి, మంచిగుంటది. కని వండేవి ఒక దిక్కు, నీళ్లవి ఒక దిక్కు అని విడదీయకుండ్రి. మా ఇంట్ల సర్వల నీళ్లు పడ్తం, పాలు గాగవెడ్తం, చుట్టాలొస్తే అన్నం గూడ అండ్లనే వండుతం. విడదీస్తే సర్వను రెండు దిక్కులా రాయాల్సొస్తది.