‘డ్రాప్… డ్రాప్…’: పర్సెల్ పాటలో రాలే పాములు

పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు స్వరకర్త హెన్రీ పర్సెల్ పాట ‘మ్యూజిక్ ఫర్ ఎ వైల్’లోని ఒక్క మాట గురించి ఈ పోస్టు. డ్రైడెన్, నథానియెల్ లీ కలిసి రాసిన ‘ఈడిపస్’ నాటకానికి 1692 ప్రాంతంలో పర్సెల్ కట్టిన పాట ఇది. చచ్చిపోయిన రాజు లాయస్ ఆత్మను పైకి రప్పించే ఘట్టంలో వస్తుంది. కాసేపు సంగీతం మీ బాధలన్నీ మరిపిస్తుందని మొదలవుతుంది. అలెక్టో అనే ఉగ్రదేవత మృతుల్ని శాశ్వత బంధాల నుంచి విడిచేదాకా, ఆమె తలమీది పాములు రాలేదాకా, చేతిలో కొరడా జారేదాకా అని సాగుతుంది.

‘పాములు రాలేదాకా’ దగ్గర ‘డ్రాప్’ అన్న మాటను పర్సెల్ ఒక్కసారితో వదల్లేదు. తాళంలో దెబ్బ పడని చోట, మధ్యమధ్య ఆపుతూ, మళ్ళీమళ్ళీ అనిపించాడు. ఒక్కో ‘డ్రాప్’కీ ఒక్కో పాము పడుతున్నట్టే ఉంటుంది. కింద మంద్రస్థాయిలో మూడు బార్ల (మూడు తాళవృత్తాల) బాస్ వరస తిరిగితిరిగి వస్తూ అర స్వరాల మీదుగా పైకెక్కుతుంటే, పైన ఇవి రాలుతుంటాయి!

ఆల్ఫ్రెడ్ డెల్లర్ (1912–1979) పాడింది వినండి. ఆయన కౌంటర్‌టెనర్. అంటే ఎక్కువగా ఫాల్సెట్టోతో, అంటే మామూలు గొంతు కాని పల్చటి పైగొంతుతో, పై స్థాయిలో పాడే మగ గొంతు. గొంతు మారకుండా చిన్నతనంలోనే వృషణాలకు కోత పెట్టిన కాస్ట్రాటోల గొంతు వేరు, ఇది వేరు. కౌంటర్‌టెనర్లలో చాలామంది మాట్లాడేటప్పుడు మామూలు బారిటోన్ (మగవాళ్ళ మధ్యస్థాయి) గొంతుతోనే మాట్లాడతారు. ఫాల్సెట్టోలో స్వరతంత్రుల అంచులే ముఖ్యంగా కంపిస్తాయి, అందుకే ఆ నాదం అంత తేలిక. డెల్లర్ ‘డ్రాప్’ను ఒత్తి పలకడు, చేతిలోంచి వదిలేసినట్టు వదులుతాడు. మీలో ఎవరైనా దీన్ని తెలుగులో పాడుకునేలా రాయగలరా?

జవాబు: కష్టమేనండీ. ‘డ్రాప్’ చివర పెదవులు మూసుకుంటాయి, నాదం అక్కడికక్కడే తెగుతుంది. మనది అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసేది. ‘రాలు’ అన్నా ‘జారు’ అన్నా చివర అచ్చు సాగుతుంది, పాము పడకుండా వేలాడుతుంది. హల్లుతో తెగే మాటలు మనకు ధ్వన్యనుకరణల్లోనే ఎక్కువ. నేనైతే ‘టప్… టప్… టప్‌మని రాలేదాకా’ అంటాను.

జవాబు: ‘టప్’ బాగుంది. కానీ ఈ పాట కౌంటర్‌టెనర్లకే సొంతమన్నట్టు రాశారు. సొప్రానోలూ (పై స్థాయిలో పాడే ఆడ గొంతులు) ఎంతో బాగా పాడతారు కదా.

జవాబు: పాడతారండీ, కాదనను. డెల్లర్‌లో నాకు నచ్చేది మాట స్పష్టత. 1940లలో కాంటర్‌బరీ కెథడ్రల్‌లో ఆయన గొంతు విన్న స్వరకర్త మైకేల్ టిప్పెట్‌కు పర్సెల్ సంగీతానికి కావలసిన గొంతు ఇదేననిపించింది. 1946లో బీబీసీ రేడియో ‘థర్డ్ ప్రోగ్రామ్’ ప్రసారాలు మొదలైన రోజున డెల్లర్ పాడింది కూడా పర్సెల్‌నే. ఇదే పాటలో ‘ఎటర్నల్’ మాటను సాగదీసే పొడుగాటి స్వరాల వరస కూడా వినండి. శాశ్వతం అన్న మాట ఎంతకీ తెమలదు. ‘టప్’ అన్నవారు దానికీ ఒక తెలుగు మాట చూడాలి. ‘ఎన్నటికీ’లోని చివరి ‘కీ’ సాగుతుంది కాబట్టి నాకు పనికొస్తుందనిపిస్తోంది.