జిరాలో రోజుకు గంటలు 8 నుంచి 6కి మార్చాక పాత ఎస్టిమేట్లు తప్పు చూపిస్తున్నాయి

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర మాది ఏడుగురి చిన్న టీమ్. టీమ్ పనులను, వాటికి పట్టే సమయాన్ని ట్రాక్ చేసే ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్ జిరా క్లౌడ్ వాడుతున్నాం. మీటింగులు, క్లయింట్ కాల్స్ పోను మనిషికి రోజుకు 6 గంటల పనే అవుతోందని పోయిన సోమవారం టైమ్ ట్రాకింగ్ సెట్టింగ్స్‌లో రోజుకు గంటలు 8 ఉన్నదాన్ని 6 చేశాను. వారానికి 5 రోజులు అలాగే ఉంచాను.

అప్పటి నుంచి 2 రోజులని వేసిన పాత టాస్కులన్నీ 2 రోజుల 4 గంటలు చూపిస్తున్నాయి. 3 రోజులవి 4 రోజులయ్యాయి. సీఎస్‌వీకి ఎక్స్‌పోర్ట్ చేసి చూస్తే 2 రోజుల టాస్కుకు 57600 అని ఉంది, అంటే లోపల సెకన్లలోనే దాస్తోంది. పాతవన్నీ 16 గంటలుగానే ఉండిపోయాయన్నమాట. మార్చే ముందే ఇది చూసుకోవాల్సింది, తప్పు నాదే.

తిరిగి 8 పెట్టి చూశాను. పాతవి సరిపోయాయి గానీ, ఈ వారం 1 రోజు అని వేసినవి 6 గంటలుగా కనిపించాయి. మళ్లీ 6కే తెచ్చాను. చేత్తో ఒక టాస్కులో ఒరిజినల్ ఎస్టిమేట్ (మొదట వేసిన సమయం అంచనా) తిరిగి 2 రోజులని కొడితే అది మారింది, కానీ అప్పటికే 5 గంటల పని లాగ్ (నమోదు) చేసి ఉండటంతో రిమైనింగ్ (ఇంకా మిగిలిన సమయం) మాత్రం 11 గంటల దగ్గరే ఆగింది. నిజానికి 7 ఉండాలి.

ఇలాంటివి 43 ఉన్నాయి, శుక్రవారం క్లయింట్‌కు రిపోర్ట్ పంపాలి. లాగ్ చేసిన గంటలు చెదరకుండా ఈ 43 టాస్కుల ఒరిజినల్, రిమైనింగ్ రెండూ ఒకేసారి సరిచేసే దారి ఏమిటి?