లాంబ్డా ఫేజ్ ప్లేక్స్ రావట్లేదు: స్టాక్ చచ్చిందా, కణంలోనే ఆగుతోందా?

పెట్రిడిష్

లాంబ్డా ఫేజ్ (ఈ. కోలై బ్యాక్టీరియాలో పెరిగే వైరస్) స్టాక్ సీసా మీద మిల్లీలీటరుకు 1×10⁹ ప్లేక్ ఫార్మింగ్ యూనిట్లు అని ఉంది. ప్లేక్ అంటే ఫేజ్ బ్యాక్టీరియాని చంపిన చోట ప్లేటు మీద కనిపించే మచ్చ. ఆ లెక్కన 10⁻⁶ డైల్యూషన్ 100 మైక్రోలీటర్లు పోస్తే ప్లేటుకు 100 దాకా రావాలి. ఒక్కటీ రాలేదు. 10⁻³ ప్లేటు మీద అసలు లాన్ (పరచుకుని పెరిగిన బ్యాక్టీరియా పొర) మిగలకూడదు, కానీ లాన్ నిండుగా ఉండి 20 ప్లేక్స్ మాత్రమే కనిపిస్తున్నాయి.

వివరాలు: హోస్ట్ ఈ. కోలై కె-12, లాంబ్డా తీసేసిన స్ట్రెయిన్. స్టాక్ తయారు చేసింది ఈ. కోలై సి మీద. హోస్ట్ కల్చర్‌ని ఎల్బీ మీడియంలో 0.4 శాతం గ్లూకోజ్ వేసి రాత్రంతా పెంచాం. టాప్ అగర్ (కణాలనీ ఫేజ్‌నీ కలిపి ప్లేటు మీద పోసే పలచటి అగర్) 0.7 శాతం, 48 డిగ్రీలు. ఫేజ్ చచ్చిపోయిందనుకోవాలా? ఇంకొకటి, వచ్చిన ఆ 20 కూడా తేటగా లేవు, నడుమ మసకగా ఉన్నాయి. కంటామినేషనా?

మాల్టోజ్

ముందు ఆ గ్లూకోజ్ ఆపేయండి. లాంబ్డా తోక చివర ఉండే జె ప్రొటీన్ పట్టుకునేది బ్యాక్టీరియా బయటి పొరలోని ల్యామ్‌బి అనే ప్రొటీన్‌ని. ఆ ప్రొటీన్ ఉన్నది ఫేజ్ కోసం కాదు, మాల్టోజ్‌ని, దాని పొడవాటి గొలుసులని లోపలికి తీసుకోవడానికి. గ్లూకోజ్ దొరుకుతుంటే కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు తగ్గి మాల్టోజ్ జీన్లు దాదాపు మూతపడతాయి, ల్యామ్‌బి కూడా వాటితో పాటే పడిపోతుంది. ఫేజ్‌కి అతుక్కునే చోటు కరువవుతుంది.

ఇలా చేయండి. ఎల్బీలో 0.2 శాతం మాల్టోజ్, 10 మిల్లీమోలార్ మెగ్నీషియం సల్ఫేట్ వేసి కల్చర్ పెంచండి. సెంట్రిఫ్యూజ్‌లో కణాలను కిందికి దింపి, మీడియం పారబోసి, 10 మిల్లీమోలార్ మెగ్నీషియం సల్ఫేట్‌లో ఓడీ 600 (కణాల మసకని బట్టి వాటి సాంద్రత చెప్పే కొలత) 0.5 వచ్చేలా కలపండి. 200 మైక్రోలీటర్ల కణాలకు 100 మైక్రోలీటర్ల ఫేజ్ కలిపి 37 డిగ్రీల దగ్గర 15 నుంచి 20 నిమిషాలు కదపకుండా ఉంచాలి. తర్వాత 3 మిల్లీలీటర్ల టాప్ అగర్ వేసి వెంటనే పోసేయాలి. అగర్ 50 డిగ్రీలు దాటితే కణాలు దెబ్బతింటాయి, 45 కిందికి వస్తే పోస్తుండగానే గడ్డలు కడుతుంది.

డైల్యూషన్లు నీళ్లలో చేయకండి, మెగ్నీషియం ఉన్న ఎస్ఎం బఫర్‌లోనే చేయండి. లాంబ్డా తలలో డీఎన్ఏ ఒత్తిడిగా కుక్కి ఉంటుంది, ఆ రుణావేశాలను సర్దేది మెగ్నీషియం. మెగ్నీషియంని లాగేసుకునే ఈడీటీఏ ఉన్న బఫర్ తగిలితే తలలే పగిలిపోతాయి, అప్పుడు స్టాక్ నిజంగానే చస్తుంది.

కణదర్శి

మాల్టోజ్ గారు చెప్పిన పద్ధతి సరైనదే, అలాగే చేయండి. కానీ ఇక్కడ అసలు దోషి గ్లూకోజ్ అని నాకు అనిపించట్లేదు. 10⁻³ ప్లేటు మీద లక్ష రావాల్సింది 20 వచ్చాయి, అంటే 5,000లో ఒకటి. గ్లూకోజ్‌లో పెరిగినా ల్యామ్‌బి సున్నా కాదు. ప్లేక్స్ చిన్నవవుతాయి, కొంత తగ్గుతాయి, ఇంత పతనం ఉండదు.

సి మీద పెంచి కె-12 మీద పోశారన్న వాక్యం దగ్గరే విషయం ఉంది. కె-12లో ఎకోకెఐ అనే రెస్ట్రిక్షన్ ఎంజైమ్ (పరాయి డీఎన్ఏని కోసేది) ఉంటుంది, సి స్ట్రెయిన్‌లో ఉండదు. కె-12 తన సొంత డీఎన్ఏలో ఆ గుర్తింపు చోట్ల అడినిన్‌కి మిథైల్ పెట్టుకుని కాపాడుకుంటుంది. సి మీద పుట్టిన లాంబ్డా డీఎన్ఏకి ఆ గుర్తు లేదు. కాబట్టి ఫేజ్ చక్కగా అతుక్కుంటుంది, డీఎన్ఏ లోపలికి దిగుతుంది, దిగగానే ముక్కలవుతుంది. వేలల్లో ఏ ఒక్కటో కోతకు ముందే మిథైల్ తగిలించుకుని బతికిపోతుంది. దాని సంతానానికంతా కె-12 గుర్తు ఉంటుంది. మీకు కనిపిస్తున్న 20 అవే అయి ఉండాలి.

ఊహ మీద ఆగక్కర్లేదు, రెండు పరీక్షలతో తేలిపోతుంది.

మొదటిది: ఒక ప్లేక్‌ని పాశ్చర్ పిపెట్‌తో అగర్‌తో సహా తీసి 1 మిల్లీలీటరు ఎస్ఎం బఫర్‌లో వేయండి, ఒక చుక్క క్లోరోఫామ్ వేసి గంట రెండు గంటలు వదిలేయండి. ఆ ద్రవాన్ని సి మీద, కె-12 మీద పక్కపక్కనే టైటర్ చేయండి, అంటే ఎన్ని ఫేజ్‌లున్నాయో లెక్కపెట్టండి. రెండు చోట్లా లెక్క ఇంచుమించు సమానంగా వస్తే రెస్ట్రిక్షనే. పాత స్టాక్‌ని కూడా అదే రోజు సి మీద పోయండి. అక్కడ 10⁹ వస్తే స్టాక్‌కి ఏ లోపమూ లేదు.

రెండోది, నాకు ఎక్కువ ఇష్టమైనది: అతుక్కోవడాన్నీ, ఆ తర్వాత జరిగేదాన్నీ విడదీసి చూడటం. మిల్లీలీటరుకు సుమారు 5×10⁸ కె-12 కణాలున్న ట్యూబులో 10⁶ ఫేజ్‌లు వేసి 37 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచండి. కణాలు లేని ట్యూబు ఇంకొకటి కంట్రోల్‌గా ఉండాలి. రెండిటినీ సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైతేటలో మిగిలిన ఫేజ్‌ని సి మీద లెక్కపెట్టండి, కె-12 మీద కాదు. కంట్రోల్‌తో పోలిస్తే చాలా వరకు మాయమైతే అవి కణాలకు అతుక్కున్నాయన్న మాట, ఆటంకం లోపల ఉంది. పైతేటలోనే తిరుగుతుంటే రిసెప్టర్ (ఫేజ్ అతుక్కునే ప్రొటీన్, ఇక్కడ ల్యామ్‌బి) దగ్గరే ఆగాయి. గ్లూకోజ్ కల్చర్‌తో ఒకసారి, మాల్టోజ్ కల్చర్‌తో ఒకసారి చేస్తే మాల్టోజ్ గారి మాటకీ కొలత దొరుకుతుంది.

జంటపోగు

కణదర్శి గారు విడదీసిన ఆ గీత వైరాలజీ మొత్తానికీ పనికొస్తుంది. “రిసెప్టర్ ఉంటే ఇన్ఫెక్షన్ వస్తుంది” అని పాఠాల్లో ఒక్క ముక్కలో తేల్చేయడం వల్ల ఇలాంటి ప్లేట్లు అర్థం కావు. లాంబ్డాలోనే చూడండి: ల్యామ్‌బి నిక్షేపంగా ఉన్నా, లోపలి పొరలో మ్యానోజ్‌ని తెచ్చే ప్రొటీన్లలో ఒకటి పాడైన మ్యూటెంట్లలో ఫేజ్ అతుక్కుంటుంది గానీ డీఎన్ఏ సరిగ్గా లోపలికి చేరదు. జంతు వైరస్‌లలోనూ అంతే. హెచ్ఐవీ అతుక్కునే మనిషి ప్రొటీన్ సీడీ4ని ఎలుక కణాల మీద పెడితే హెచ్ఐవీ అతుక్కుంది, లోపలికి పోలేదు. రెండో రిసెప్టర్ ఒకటి కావాలని 1996లో గానీ తేలలేదు.

దాటాల్సిన మెట్లు వరసగా చెబుతాను. అతుక్కోవడం మొదట వదులుగా ఉంటుంది, తర్వాత బిగుస్తుంది. బిగిశాక తోక గుండా 48,502 బేస్ జతల డీఎన్ఏ లోపలికి దూకుతుంది, తల, తోక బయటే మిగిలిపోతాయి. మంచు మీద ఉంచితే అతుక్కోవడం జరుగుతుంది, డీఎన్ఏ దిగదు. అన్ని కణాల్లో ఇన్ఫెక్షన్ ఒకేసారి మొదలవ్వాలంటే ముందు మంచు మీద, తర్వాత 37 డిగ్రీలకు మార్చడం అందుకే. లోపలికొచ్చిన డీఎన్ఏ రెండు కొనల్లోనూ 12 బేస్‌ల ఒంటిపోగు ఉంటుంది. అవి ఒకదానికొకటి జతపడతాయి, హోస్ట్ లైగేజ్ అతుకు వేస్తుంది, వలయం తయారు. ఆ తర్వాత ఆర్ఎన్ఏ తీసేది హోస్ట్ ఎంజైమే, ప్రొటీన్ చేసేది హోస్ట్ రైబోజోములే. 37 డిగ్రీల దగ్గర గంట లోపు కణం పగిలి వంద దాకా కొత్త ఫేజ్‌లు బయటపడతాయి.

మసక నడుము కంటామినేషన్ కాదండి, లాంబ్డా సహజ లక్షణం. ప్లేక్ పెరిగేకొద్దీ ఒక్కో కణం మీద చాలా ఫేజ్‌లు పడతాయి. అప్పుడు సి2 ప్రొటీన్ ఎక్కువై కొన్ని కణాల్లో ఫేజ్ చంపే దారి వదిలి, క్రోమోజోములో గ్యాల్, బయో జీన్ల మధ్య చేరిపోతుంది. ఆ కణంలో ఫేజ్ జీన్లను మూసి ఉంచే సి1 రిప్రెసర్ ఉంటుంది కాబట్టి మళ్లీ వచ్చిన లాంబ్డా కూడా నోరు మెదపలేదు. బతికిన ఆ కణాలే నడుమ పెరిగి మసకగా కనిపిస్తాయి. మసక భాగాన్ని లూప్‌తో తీసి స్ట్రీక్ చేసి, వచ్చిన కాలనీల మీద మామూలు లాంబ్డా, రిప్రెసర్‌కి లొంగని మ్యూటెంట్ లాంబ్డా విర్ రెండూ చుక్కలు పెట్టండి. మొదటిది ఏమీ చేయలేక రెండోది చంపితే అవి లైసోజెన్లే, అంటే క్రోమోజోములో ఫేజ్‌ని దాచుకున్న కణాలే.

మీ కె-12లో లాంబ్డా తీసేశారని రాశారు, అది ముఖ్యం. మొదట దొరికిన కె-12లోనే లాంబ్డా దాగి ఉంది, ఎస్తర్ లెడర్‌బర్గ్ 1951లో బయటపెట్టారు. అలాంటి హోస్ట్ అయితే 20 కాదు, ఏ డైల్యూషన్‌లోనూ సరైన ప్లేక్స్ కనిపించవు.

పెట్రిడిష్

ముగ్గురికీ ధన్యవాదాలు. ప్లేక్ తీసిన ద్రవంలో క్లోరోఫామ్ వేస్తే ఫేజ్ కూడా చావదా? టైటర్ చేసేటప్పుడు ఆ చుక్క ప్లేటు మీద పడితే?

కణదర్శి

లాంబ్డాకి బయట కొవ్వు పొర లేదు, ప్రొటీన్ తొడుగే. అందుకే క్లోరోఫామ్‌కి తట్టుకుంటుంది. చచ్చేది దాంతో వచ్చిన బ్యాక్టీరియా. మీ ప్లేక్స్‌లో లైసోజెన్లు ఉంటాయి కాబట్టి ఈ మెట్టు వదలకండి. కొవ్వు ఉన్న ఫేజ్‌లతో మాత్రం ఇలా చేయకూడదు. క్లోరోఫామ్ అడుగున కూర్చుంటుంది, పై నుంచి తీసుకోండి, పిపెట్ మొన అడుగుకి తగలనివ్వొద్దు. తగిలితే లాన్‌లో గుండ్రటి ఖాళీ పడుతుంది, దాన్ని ప్లేక్ అని లెక్కపెట్టే ప్రమాదం ఉంది. డైల్యూషన్‌తో పాటు లెక్క పదో వంతుకి తగ్గుతోందా లేదా చూస్తే తేడా పట్టేయొచ్చు.