‘ప్రాంతం వాడే’: దోపిడి చేస్తేనా, ద్రోహం చేస్తేనా?

హనుమకొండ, తెలుగు ఉపాధ్యాయురాలు:
సెప్టెంబరు 9 నాటి తెలంగాణ భాషా దినోత్సవం కోసం మా బడిలో ‘ప్రజాజీవితంలో నమ్మకం’ అనే అంశం మీద వ్యాసరచన పోటీ పెట్టాం. పదో తరగతి అమ్మాయి ఒకరు ప్రజాకవి కాళోజీ నారాయణరావు పాదాలను “ప్రాంతం వాడే ద్రోహం చేస్తే ప్రాణంతోనే పాతిపెడతాం” అని ఉదహరించింది. నా నోట ఆడుతున్నది మాత్రం “దోపిడి చేస్తే” అని, “పాతర వేస్తం” అని. తోటి పరీక్షకులు ‘ద్రోహం’ అన్నదే సరైన పాఠమని, అంత కోపానికి దోపిడి అనే మాట చాలదని పట్టుబట్టి కూర్చున్నారు. గోడల మీదా బ్యానర్ల మీదా రెండూ కనిపిస్తూనే ఉన్నాయి. కాబట్టి ఎక్కడ ఎట్లా అచ్చయిందన్నదాని కన్నా, ఏ మాట ఆ పాదంలో నిలుస్తుందన్నది మీరంతా చెబితే బాగుంటుంది.

కరీంనగర్, విశ్రాంత తెలుగు ఆచార్యుడు:
అమ్మా, ముందు తేలికగా పలికే లఘువుకు ఒకటి, బరువుగా పలికే గురువుకు రెండు చొప్పున మాత్రలు లెక్కపెట్టుకుంటే సగం తగవు తీరిపోతుంది. “దోపిడి చేసే ప్రాంతేతరులను, దూరం దాకా తన్ని తరుముతం, ప్రాంతం వాడే దోపిడి చేస్తే, ప్రాణంతోనే పాతర వేస్తం” అన్నవి నాలుగు నాలుగు మాత్రల నడకలో, పాదానికి పదహారు మాత్రలుగా సాగే నాలుగు పాదాలు. ‘పాతర’ నాలుగు, ‘వేస్తం’ నాలుగు. ‘పాతిపెడతాం’ అన్నచోట ఏడే వస్తాయి, పాదం కుంటుతుంది. ఆ మాట తరువాతివాళ్లు అతికించిందే. ‘దోపిడి’, ‘ద్రోహం’ రెండూ నాలుగేసి మాత్రలే కనుక ఛందస్సు అక్కడ సాక్ష్యం చెప్పదు. అక్కడ అర్థమే చెప్పాలి.

అర్థం దోపిడి పక్షమే. ద్రోహం చేయాలంటే ముందు నమ్మకం ఉండాలి. పరాయివాడు దోచుకోగలడే కాని ద్రోహం చేయలేడు, మనం వాణ్ణి నమ్మింది లేదు కనుక. ‘ప్రాంతం వాడే ద్రోహం చేస్తే’ అంటే ద్రోహం చేయగలిగిన ఒకే ఒక్కడు ద్రోహం చేస్తే అని చెప్పినట్టవుతుంది, అది పునరుక్తి. కవి చేసిన పని వేరు. నేరం ఇద్దరికీ ఒకటే ఉంచి, శిక్షను మాత్రం మార్చాడు. బయటివాడికి తరిమివేత, లోపలివాడికి పాతర. ఎందుకింత తేడా అంటే జవాబు ‘వాడే’లోని ఏకారంలో ఉంది. ద్రోహమనే మాటను ఎక్కడా పలకకుండా ద్రోహాన్నంతటినీ ఆ ఒక్క అక్షరం మీద మోపాడు. అమ్మాయి వ్యాసంలో ఆ మాటను పైకి తెచ్చి పెట్టేసరికి ఏకారానికి పని లేకుండా పోయింది.

జనగామ, పాత్రికేయుడు:
ఆచార్యులవారి లెక్క బాగుంది కానీ, జనం నోట ‘ద్రోహం’ ఎందుకు చేరిందన్నది ఛందస్సు పుస్తకంలో దొరకదు. 1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య ఢిల్లీలో కుదిరిన ఒప్పందానికి ‘పెద్దమనుషుల ఒప్పందం’ అని పేరు. మా ఊళ్లలో పెద్దమనిషి అంటే పంచాయితీలో చెప్పిన మాటకు కట్టుబడి ఉండేవాడు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతంవారు కావాలన్నది అందులో ఒక షరతు. అదే ఏడాది నవంబరు 1న రాష్ట్రం ఏర్పడినప్పుడు తొలి మంత్రివర్గంలో ఆ పదవే లేదు, చేతికి ఆరో వేలు ఎందుకన్నారన్న మాట ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇది బయటివారి సంగతి, దీనికి ‘దోపిడి’ సరిపోతుందనుకుందాం.

లోపలివారి సంగతి 1971లో వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు పిల్లలు బడులు వదిలి వీధుల్లోకి వచ్చి తూటాలకు ఎదురు నిలిచిన ఉద్యమం అది. ఆ బలం మీదే లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజాసమితి ఇక్కడి 14 స్థానాల్లో 10 గెలిచింది. అదే ఏడాది సమితిని తీసుకెళ్లి కాంగ్రెసులో కలిపేశారు. ఓడిపోయి ఉంటే జనం సర్దిచెప్పుకునేవారు. గెలిపించిన తరువాత జరిగింది కనుకనే అది మింగుడుపడలేదు. ఆ తరం మనిషి ఈ పాదాన్ని పలికినప్పుడు నోటికి ‘దోపిడి’ వస్తుందా, ‘ద్రోహం’ వస్తుందా? అచ్చులో ఏముందో నాకు అనవసరం. పలికినవాడి గాయం పాఠాన్ని దిద్దింది, ఆ దిద్దుబాటుకూ ఒక విలువ ఉంది.

కరీంనగర్, విశ్రాంత ఆచార్యుడు:
గాయం పాఠాన్ని దిద్దవచ్చు, ఒప్పుకుంటాను. అయితే దాన్ని కాళోజీ పేరు కింద పెట్టి ఉదహరించకూడదు, జనవాక్యమని చెప్పుకోవాలి.

జగిత్యాల, న్యాయవాది:
ద్రోహానికి ముందు నమ్మకం ఉండాలన్న మాటను న్యాయశాస్త్రం వైపు నుంచి చూస్తే ఇంకా చేదుగా ఉంటుంది. పాత శిక్షాస్మృతిలో 405, 406 సెక్షన్లుగా, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 316గా ఉన్న నమ్మకద్రోహం నేరం రుజువు కావాలంటే, ఒక ఆస్తిని ఎదుటివాడికి అప్పగించినట్టు చూపాలి. ఓటు ఆస్తి కాదు. ఐదేళ్ల అధికారాన్ని అప్పగించి మోసపోయిన మనిషికి ఆ సెక్షన్ కింద గడప తొక్కే దారి లేదు.

మిగిలింది రాజ్యాంగం పదో షెడ్యూలు, అంటే పార్టీ ఫిరాయింపులను అడ్డుకునే చట్టం. 1985లో 52వ సవరణతో అది వచ్చినప్పుడు మూడో వంతు సభ్యులు చీలితే తప్పు లేదన్నారు. ఒక్కడు పోతే ఫిరాయింపు, గుంపుగా పోతే చీలిక. 2003లో 91వ సవరణ ఆ సందును మూసింది కానీ, మూడింట రెండు వంతుల మంది కలిస్తే విలీనమనే ద్వారం తెరిచే ఉంది. 2019 జూన్‌లో పన్నెండు మంది కాంగ్రెసు శాసనసభ్యులు అప్పటి అధికార పక్షంలో కలిసింది ఆ దారినే. 2023 ఎన్నికల తరువాత గాలి ఎదురుదిక్కుకు తిరిగి, భారాస టికెట్టు మీద గెలిచిన పది మంది మీద ఫిరాయింపు ఫిర్యాదులు వచ్చాయి, అవి సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. మూడు నెలల్లో తేల్చమని కోర్టు 2025 జూలై 31న స్పీకరుకు చెప్పింది. ఈ చట్టం మొత్తంలో ‘ద్రోహం’ అనే మాటకు చోటు లేదు, ‘ఫిరాయింపు’ ఒక్కటే ఉంది. తిరగడం అనే అర్థం ఉన్న ఆ మాటలో తప్పు చేసినట్టే వినపడదు. పత్రికలవారు దాన్ని ఇంకా మెత్తబరిచి ‘కండువా కప్పుకున్నారు’ అంటారు, నవ్వు వచ్చినప్పుడు ‘జంప్ జిలానీలు’ అంటారు. అందువల్ల జనం ఎక్కడ వీలైతే అక్కడ ‘ద్రోహం’ అనే మాటను చొప్పించుకుంటున్నారంటే నాకు ఆశ్చర్యం లేదు.

వరంగల్ మట్టెవాడ, ఉర్దూ సాహిత్యాభిమాని:
కాళోజీ సంగతి కదా అని కల్పించుకుంటున్నాను. ఆయన అన్నగారు రామేశ్వరరావు గారు ‘షాద్’ పేరుతో ఉర్దూ కవిత్వం రాశారన్నది మీకందరికీ తెలిసిందే. ఆ ఇంట రెండు భాషల తిట్లూ పలికి ఉంటాయి కదా అని నేను ఎప్పుడూ అనుకుంటాను. నేను చెప్పదలచింది ‘నమక్‌హరాం’ గురించి. ఫారసీలో నమక్ అంటే ఉప్పు, తిన్న ఉప్పుకు ఎగనామం పెట్టినవాడు నమక్‌హరాం. మన దగ్గర చాలామంది దాన్ని ‘నమ్మక్‌హరాం’ అని మకారాన్ని వత్తి పలుకుతారు. నమ్మకాన్ని హరించినవాడు అనుకొనే అంటారు. పుట్టుక ప్రకారం తప్పే కావచ్చు గానీ, రాజకీయాల మటుకు ఈ తప్పే సరిగ్గా సరిపోయింది. ఉప్పు తిన్నవాడు రుణపడేది పెట్టిన ఒక్క ఇంటికే, ఓట్లు తీసుకున్నవాడు మింగింది నమ్మకాన్ని. ‘దగా’, ‘ధోకా’, ‘బేఇమాన్’ ఇవన్నీ మన ఇంటి మాటలే అయినప్పుడు, ద్రోహమనే సంస్కృత పదం కోసం కాళోజీ వెతుక్కొని ఉంటాడని నేననుకోను. పలుకుబడుల భాష కావాలన్న మనిషి ఆయన.

కరీంనగర్, విశ్రాంత ఆచార్యుడు:
‘ప్రాంతేతరులు’ అన్న మాట ఏ పలుకుబడి నుంచి వచ్చిందో మట్టెవాడ మిత్రులు సెలవివ్వాలి. అదీ సంస్కృతమే. ఆ వాదం నిలవదు.

పరకాల, వ్యవసాయదారుడు:
అందరూ దోపిడి దగ్గరే ఆగిపోయారు, పాతర దగ్గరికి ఎవరూ రాలేదు. మా తాతల కాలంలో జొన్నలు పాతరలో పోసేవారు. నేలలో గొయ్యి తవ్వి, లోపల గడ్డి పరిచి, గింజలు నింపి, పైన మళ్లీ గడ్డి కప్పి, మట్టితో మూసి అలికేవారు. పాతర తీసిన రోజు వెంటనే మనిషిని లోపలికి దించేవారు కాదు. మూత తీసి చాలాసేపు వదిలిపెట్టి, దీపాన్ని తాడుతో కిందికి దించి చూసేవారు. దీపం ఆరిపోతే లోపల గాలి చెడిందని అర్థం. తొందరపడి దిగినవాడు పైకి రాడు. ఇది తెలిసినవాడికి ‘ప్రాణంతోనే పాతర’ అన్న మాట వట్టి పాతిపెట్టడంలా వినిపించదు. ఊపిరి ఉన్న మనిషిని ఊపిరి ఆడనిచోట పెట్టి మూత వేయడం అది. ‘పాతిపెడతాం’ అన్నవారికి గొయ్యి కనిపిస్తుంది గానీ గాలి తెలియదు. ఆ అమ్మాయికి మార్కులు తగ్గించవలసి వస్తే ద్రోహానికి కాదు, పాతిపెట్టినందుకు తగ్గించండి.

ఇంకొక మాట. పాతరలో పోసిన గింజను ఎప్పటికీ అక్కడే ఉంచరు, కరువు వస్తే తీసి వాడుకుంటారు. మన నాయకులను కూడా ఒక ఎన్నికలో పాతర వేస్తాం, మరుసటి ఎన్నికలో వేరే జెండా కట్టి మనమే పైకి తీస్తాం.

జనగామ, పాత్రికేయుడు:
పరకాల అన్న పాతర ఎత్తారు కనుక మా వృత్తిలోని పాపం కూడా చెప్పుకుంటాను. ‘హామీలకు పాతర’, ‘నిబంధనలకు పాతర’ అనే శీర్షికలు మేము పెట్టనిరోజు లేదు. 1985 డిసెంబరు 30న వచ్చిన 610 జీవో విషయమే తీసుకోండి. స్థానికేతర ఉద్యోగులను 1986 మార్చి 31 లోపల వెనక్కు పంపాలన్నది అందులోని మాట. ఆ గడువు దాటిన తరువాత ఏళ్ల తరబడి దాని గురించి ‘పాతర వేశారు’, ‘తుంగలో తొక్కారు’ అనే రాశారు. కాళోజీ పాదంలో పాతర పడేది మాట తప్పినవాడికి. మా శీర్షికల్లో పాతర పడేది ఇచ్చిన మాటకు. మనిషి తప్పించుకున్నాడు, మాట గోతిలో పడింది. ఇంత అర్థం తారుమారైందని ఈ చర్చ దాకా నాకే తోచలేదు.

హనుమకొండ, తెలుగు ఉపాధ్యాయురాలు:
అందరికీ నమస్కారాలు, కానీ ఆచార్యులవారి ఏకారం మీద నాకొక సందేహం ఉంది. ‘వాడే’లో ఏకారం బరువు మోస్తున్నదని ఒప్పుకుంటాను. అట్లయితే ‘వేస్తం’లోని ‘తం’ సంగతి ఏమిటి? పత్రికలవారు దాన్ని ‘వేస్తాం’ అని దిద్దుతారు, సున్న ఉండటం వల్ల రెండు విధాలా అది గురువే కనుక నడకకు నష్టం లేదు, పలుకుబడికి మాత్రం ఉంది. నేనడిగేది దీర్ఘం గురించి కాదు. ఈ క్రియకు కర్త ఎవరు, మేమా, మనమా? తెలుగులో ఆ రెండింటికీ క్రియారూపం ఒకటే. ‘మేం వేస్తం’ అంటే ప్రజలు ఒకవైపు నిలబడి, ద్రోహిని ఎదురుగా నిలబెట్టి చేస్తున్న హెచ్చరిక అవుతుంది. ‘మనం వేస్తం’ అంటే ఆ ప్రాంతం వాడు కూడా ఈ మనలోంచి వచ్చినవాడే, నిన్నటి దాకా మన పక్కన కూర్చున్నవాడే.

కాళోజీ మొదట విశాలాంధ్రను సమర్థించి, తరువాత దాని తీరు చూసి మనసు విరిగి, ప్రత్యేక తెలంగాణ వైపు వచ్చినవాడు. 1958 నుంచి 60 దాకా శాసనమండలిలో కూర్చొని, లోపలి వ్యవహారాన్ని దగ్గరగా చూసినవాడు. అత్యవసర పరిస్థితి తరువాతి ఎన్నికల్లో సత్తుపల్లికి వెళ్లి జలగం వెంగళరావు మీద నిలబడి ఓడినవాడు. అటువంటి మనిషి తనను పక్కకు తప్పించుకొని ‘మేం’ అని ఉంటాడా? నాకైతే అది ‘మనం’ అనే తోస్తున్నది. మనం అయితే మళ్లీ ‘ద్రోహం’ వైపు మొగ్గవలసి వస్తుంది, ఎందుకంటే మనలోవాడు చేసినదాన్ని ఒట్టి దోపిడి అని సరిపెట్టుకోలేం.

జగిత్యాల, న్యాయవాది:
టీచరమ్మ వాదన బాగుంది. దానికి నా వంతుగా ఒకటి కలుపుతాను. ‘పాతర వేస్తం’, ‘ఓటు వేస్తం’, క్రియ ఒక్కటే.

కరీంనగర్, విశ్రాంత ఆచార్యుడు:
శ్లేష వినడానికి ముచ్చటగా ఉంది గాని సాక్ష్యం కాదు, వకీలు గారికి ఆ తేడా నేను చెప్పనక్కర లేదు. అమ్మా, మీ ‘మనం’ను కాదనను. అయితే ‘మనం’ అనుకున్నప్పుడే ‘దోపిడి’కి బలం ఎక్కువ. మనలోవాడు చేసినదానికి ద్రోహమనే పెద్ద పేరు పెట్టి గౌరవించకుండా, పరాయివాడు చేసేదానికి వాడిన పేరుతోనే పిలవడం కన్నా అవమానం ఏముంటుంది?

జనగామ, పాత్రికేయుడు:
అవమానం సరే, దుఃఖం ఎక్కడికి పోయింది సార్? 1971లో జనానికి కలిగింది కోపం కన్నా ముందు దుఃఖం. దోపిడి అనే మాటలో ఆ దుఃఖం లేదు.

పరకాల, వ్యవసాయదారుడు:
రెండో పాదాన్ని అందరూ వదిలేశారు. కొందరు ‘ప్రాంతం దాకా తన్ని తరుముతం’ అంటారు, కొందరు ‘దూరం దాకా’ అంటారు, మా దగ్గర ఉపన్యాసాల్లో ‘పొలిమేర దాకా’ అని కూడా విన్నాను. పొలిమేర అయితే ఊరి సంగతి, ప్రాంతం అయితే రాష్ట్రం సంగతి. ఎక్కడి దాకా తరమాలో తేలకుండా ఎవరిని పాతర వేయాలో ఎట్లా తేలుతుంది?

కరీంనగర్, విశ్రాంత ఆచార్యుడు:
‘పొలిమేర దాకా’లో ఒక మాత్ర ఎక్కువైంది, అది పోతుంది. ‘దూరం’, ‘ప్రాంతం’ రెండూ నడకకు సరిపోతాయి. ‘ప్రాంతేతరులే’ అని మొదలుపెట్టినవారికి ‘ప్రాంతం దాకా’, ‘దోపిడి చేసే’ అని మొదలుపెట్టినవారికి ‘దూరం దాకా’ అక్షరమైత్రి కలుస్తుంది. నా ఓటు దూరానికే.

వరంగల్ మట్టెవాడ, ఉర్దూ సాహిత్యాభిమాని:
నా ఓటు ప్రాంతానికి. వాడి ప్రాంతం దాకా సాగనంపడంలో ఒక మర్యాద ఉంది, తన్నడం ఎట్లాగూ తప్పలేదు కనుక.